ఒకే కంచం ముందు రెండు మూడు జబ్బులు

మార్గశిర మాసంలో గురువారం వస్తోందంటే మా బరంపురంలో ప్రతి ఒడియా ఇంటి గడపలోనూ రుబ్బిన బియ్యప్పిండితో ఝోటి అనే ముగ్గు వేస్తారు. వీధి గుమ్మం నుంచి పూజగది దాకా లక్ష్మీదేవి పాదాలు, నడుమ పద్మాలు, వరి వెన్నులు దిద్ది, కొత్త ధాన్యం నింపిన మాణాన్ని, అంటే కొలపాత్రను, పీట మీద పెట్టి పూజ చేస్తారు. మాది తెలుగు ఇల్లే అయినా ఇరుగుపొరుగును చూసి మా అమ్మ కాలం నుంచీ మేమూ ఆ పూజ చేసుకుంటున్నాం. ఐదేళ్ల కిందట అటువంటి ఒక గురువారం ముందటి రాత్రి నేను మా అక్క ఇంట్లో పడుకున్నాను. మూడున్నరకు మంచినీళ్ల కోసం లేచి వస్తే, అక్క కూతురు గడప ముందు మోకాళ్ల మీద కూర్చొని, తాను వేసిన పాదాన్ని తడిగుడ్డతో తుడిచి మళ్లీ వేస్తోంది. కుడి పాదం, ఎడమ పాదం ఒక్క తీరుగా రాలేదట. వేసింది, వెనక్కి వంగి చూసింది, తుడిచింది, మళ్లీ వేసింది. నేను వెళ్లి పడుకొని, నిద్ర పట్టక ఐదింటికి తిరిగి వచ్చేసరికి ఆమె అదే గడప దగ్గర, అదే పాదం మీద ఉంది. వేళ్లు నీళ్లలో నాని ముడతలు పడ్డాయి. గోళ్ల చుట్టూ నీలంగా ఉంది. ఆ రోజు ఆమెకు ఉపవాసం. ముందు రోజూ ఉపవాసమేనని తరువాత తెలిసింది.

"ఎంత నిష్ఠో చూడవే" అంది అక్క మురిసిపోతూ. నేనూ అవునన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

ఆమెను ఇక్కడ పాప అనే పిలుస్తాను, ఇంట్లో మేం పిలిచేదీ అదే. ఇప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్లు. ఈ టపా రాయమన్నది ఆమే. అచ్చుకు ముందు చదివి, రెండు చోట్ల కొట్టేయమంటే కొట్టేశాను. బరువుల అంకెలు గానీ, ఎంత తిన్నదీ ఎంత మానిందీ గానీ ఎక్కడా రాయను, ఎందుకంటే పాపకు వచ్చిన ఈ తిండి మానే జబ్బుతో ఉన్నవారు చదివితే ఆ అంకెలతో పోటీ పడతారు. అది పాప స్వయంగా చెప్పిన మాట.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తిండికి సంబంధించిన మానసిక వ్యాధి (ఈటింగ్ డిజార్డర్) ఒంటరిగా రావడం అరుదు. దాని వెంట భయమో, ఓసీడీయో (వద్దనుకున్నా అదే ఆలోచన వచ్చి, అదే పని మళ్లీ మళ్లీ చేయించే జబ్బు), కుంగుబాటో, ఇంకొకటో ఉంటుంది. కొన్ని దానికన్నా ముందే వచ్చి కూర్చుంటాయి, కొన్ని దాని వెనుక వస్తాయి, కొన్ని ఆకలి వల్లనే పుడతాయి. ఏది ఎప్పుడు వచ్చిందో అడగకుండా, కళ్ల ముందు కనబడుతున్న ఒక్కదానికి మందు వేస్తూ పోతే మాకు జరిగినట్టే కాలం చేతుల్లోంచి జారిపోతుంది. మాకు రెండేళ్లు జారిపోయాయి.

మొదట అది గ్యాస్ట్రిక్ అనుకున్నాం. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందంటుంది, పొట్ట ఉబ్బినట్టుంది అంటుంది కాబట్టి కడుపు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాం. ఎండోస్కోపీ చేశారు, ఏమీ లేదన్నారు. చాలా రోజులుగా తక్కువ తింటున్నవారి పొట్ట ఖాళీ కావడమే ఆలస్యమవుతుందనీ, ఆ ఉబ్బరం నిజమైనదేననీ, అది జబ్బుకు కారణం కాదు ఫలితమనీ మాకు అప్పుడు తెలియదు. తరువాత మా నానమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. నెలసరి ఆగిపోయిందని లేడీ డాక్టరుకు చూపిస్తే హార్మోను మాత్రలు ఇచ్చారు. ఏడుపు ఎక్కువైందని ఒక ప్రైవేటు క్లినిక్కుకు వెళితే డిప్రెషన్ అన్నారు, మాత్ర రాశారు, మూడు నెలలు వాడినా ఏమీ మారలేదు. ఇంకొక చోట, చేతులు అదే పనిగా కడుగుతోందని మేం చెప్పగానే ఓసీడీ అన్నారు, మాత్ర పెంచారు. ఒక్కరు కూడా ఆమెను తూకం మీద నిలబెట్టలేదు. ఒక్కరు కూడా అన్నం ముందు కూర్చున్నప్పుడు ఏమవుతుందని అడగలేదు. నాకు వారి మీద ఉన్న కోపం ఇప్పుడు తగ్గింది గానీ పోలేదు. ప్రతి ఒక్కరూ చూసింది నిజమే, ఆమెకు డిప్రెషన్ ఉంది, ఓసీడీ ఉంది. కాని ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్కను పట్టుకొని అదే మొత్తమనుకున్నారు.

భాష కూడా అడ్డొచ్చింది. ఈ సరిహద్దు ఊళ్లలో పెరిగిన మన పిల్లలు తిండి గురించి తెలుగులో, చదువు గురించి ఒడియాలో, జబ్బు గురించి ఇంగ్లీషులో మాట్లాడతారు. పాప కంచం ముందు కూర్చొని "డర లాగుఛి" అనేది. భయంగా ఉంది అని అర్థం. ఆమె స్కూల్లో స్నేహితులతో పరీక్షల ముందు అనే మాట అది. మా అక్క దానికి "అన్నం చూస్తే భయమేటే, అది పామా" అని కసిరేది. డాక్టరు దగ్గర అక్క చెప్పిన మాట మాత్రం "తినదండీ, మొండికేస్తుంది". భయం అన్న మాట డాక్టరు దాకా చేరనే లేదు. పాప ఒక్కసారి కూడా తాను లావుగా ఉన్నానని అనలేదు. తిండి మానే వ్యాధిలో, అంటే అనొరెక్సియాలో, లావవుతానన్న భయం తప్పక ఉంటుందని పుస్తకాల్లో చదువుకున్నవారికి ఆమె మాటల్లో అది వినబడలేదు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు 1990లలోనే లావు భయం లేని అనొరెక్సియాను వివరంగా వర్ణించారు. మన దేశపు వైద్యులూ అటువంటి రోగుల గురించి రాశారు. కడుపు నిండితే ఊపిరాడదనో, అరగదనో, మనసు మైలపడుతుందనో చెప్పే పిల్లలు మన ఊళ్లలో ఉంటారు. ఉపవాసం అనే గౌరవమైన మాట చాటున వారు ఏళ్ల తరబడి దాగిపోతారు. శనివారం వేంకటేశ్వరుడికి, సోమవారం శివుడికి, గురువారం లక్ష్మికి, ఏకాదశికి అంటూ పాప వారంలో రోజులన్నీ ఒకటొకటిగా దేవుళ్లకు అప్పగించేస్తుంటే ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నాం.

చివరకు ఒక స్నేహితురాలి సలహాతో విశాఖపట్నం వెళ్లాం. తెల్లవారుజామున బరంపురంలో రైలెక్కితే ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం రోడ్డు దాటి మధ్యాహ్నానికల్లా చేరతాం. పాప దారి పొడుగునా కిటికీ పక్కన శాలువా కప్పుకొని కూర్చుంది, ఎండాకాలంలో. అక్కడి డాక్టరమ్మ మొదట నాడి పట్టుకొని చూశారు, కూర్చున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ చూశారు, తూకం చూశారు, ఈసీజీ తీయించారు, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ పరీక్షకు పంపించారు. ఆ తరువాత ఒక తెల్ల కాగితం తీసి, అడ్డంగా ఒక గీత గీసి, దాని మీద ఒకటి నుంచి పద్దెనిమిది దాకా అంకెలు వేసి, మా అక్క ముందుకు జరిపారు.

"అమ్మా, ఈ గీత మీ పాప వయసు. ఏ ఏట ఏం చూశారో ఒక్కొక్కటే చెప్పండి. జబ్బులాగా అనిపించకపోయినా చెప్పండి" అన్నారు.

అక్క మొదట ఏమీ లేదంది. తరువాత ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. ఏడేళ్లప్పుడు స్కూలు సంచి రాత్రి మూడుసార్లు విప్పి సర్దేది. తొమ్మిదేళ్లప్పుడు వేసవి సెలవుల్లో చేతులు కడుక్కోవడం మొదలై, వర్షాలు పడేసరికి తగ్గింది. పదకొండప్పుడు పరీక్ష రోజు ఉదయం వాంతి అయ్యేది. పదమూడు నుంచి పెళ్లిళ్లలో బంతి భోజనానికి కూర్చోనంది, అందరూ చూస్తారని. పదిహేనుకు మొదటి శనివారం ఉపవాసం. పదహారులో మరో రెండు రోజులు చేరాయి. పదిహేడులో నెలసరి ఆగింది, స్నేహితులు తగ్గారు. ఏడుపూ, ఎవరితోనూ మాట్లాడకపోవడమూ, చచ్చిపోతే బాగుండుననడమూ పదిహేడున్నరకు. డాక్టరమ్మ పెన్ను ఆ చివరి గుర్తు మీద పెట్టి, "ఇన్నాళ్లూ అందరూ మందు వేసింది దీనికి. ఇది అన్నిటికన్నా ఆఖరున వచ్చింది" అన్నారు. మా అక్క ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసింది. అది ఇప్పటికీ వారింట్లో బీరువాలో ఉంది.

నేను కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను, కాబట్టి ఇంటికి వచ్చాక చదవడం మొదలుపెట్టాను. మొదట దొరికింది మానసిక రోగుల మీద చేసిన అధ్యయనం కాదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1944-45లో చేసిన ప్రయోగం. యుద్ధం ముగిశాక ఐరోపాలో ఆకలితో మాడిన జనానికి తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడానికి, శరీరమూ మనసూ దృఢంగా ఉన్నవారిని పరీక్షించి ఎంచుకొని, 36 మంది యువకులకు 24 వారాలపాటు సగం తిండే పెట్టారు. వారి బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గింది. మనసుకు జరిగింది చదువుతుంటే నాకు చేతులు వణికాయి. నవ్వేవారు ముభావులైపోయారు, చీటికిమాటికి చిరాకు పడ్డారు, చాలామంది కుంగిపోయారు. స్నేహాలు, ఆడవారి మీద ఆసక్తి పోయాయి. ఒంటికి చలి ఎక్కువైంది. రోజంతా తిండి గురించే ఆలోచన. వంటల పుస్తకాలు సేకరించి చదివారు. కంచంలోనిదాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, కలిపి, గంటల తరబడి తిన్నారు. వారికి అంతకుముందు ఏ మానసిక వ్యాధీ లేదు. అదంతా ఆకలి చేసిన పని.

పాప ఒక ఇడ్లీని పదహారు ముక్కలు చేసేది. ముందు సగానికి, మళ్లీ సగానికి, ఒక్కొక్క ముక్క అంచు చెంచాతో చదును చేసి, కంచం అంచు చుట్టూ పేర్చి, ఆ తరువాత తినేది. ఇడ్లీ ఆరి గట్టిపడిపోయేది. అదే పిల్ల యూట్యూబ్‌లో వంటలు చూసి నోటుపుస్తకంలో రాసుకొని, ఆదివారాలు మా అందరికీ మండా పిఠాలు, బొబ్బట్లు చేసి వడ్డించి, మరో రెండు వేసుకోమని బతిమాలేది. తాను ముట్టేది కాదు. ఇంత వండే పిల్లకు తిండి అంటే భయం ఏమిటని మేం అనుకునేవాళ్లం. ఎనభై ఏళ్ల కిందట ఎక్కడో మిన్నెసోటాలో మగవాళ్లు చేసిన పనే మా వంటింట్లో పాప చేస్తోందని తెలిసినప్పుడు, ఆమె స్వభావం మారిపోయిందని నేను పడిన దుఃఖం కొంత తేలికైంది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. కుంగుబాటులో ఎంత భాగం ఆకలిది, ఎంత భాగం ఆమెది? ముందుగా చెప్పలేరు. అందుకే డాక్టరమ్మ మొదట తిండి అన్నారు. శరీరం బాగా క్షీణించి ఉన్నప్పుడు డిప్రెషన్ మాత్రలు సరిగా పనిచేయవని వైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నారు. మా మూడు నెలల మాత్రలు ఎందుకు వృథా అయ్యాయో అప్పుడు అర్థమైంది. అయితే తిండి పెట్టడమంటే కూర్చోబెట్టి నింపడం కాదు. ఎన్నాళ్లుగానో పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ తిండి వెళితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ప్రమాదం రావచ్చు. అందుకే మొదటి రెండు వారాలు ఆస్పత్రిలో ఉంచి, రక్తం చూస్తూ, కొద్దికొద్దిగా పెంచారు. బరువు పెరుగుతున్న మొదటి నెలల్లో ఆమె భయం తగ్గలేదు, పెరిగింది. ఆ సంగతి ముందే చెప్పి ఉండకపోతే మేం భయపడి మానిపించేసేవాళ్లమే. నాలుగో నెలలో ఏడుపు తగ్గింది. ఆరో నెలలో ఒకరోజు తమ్ముడి మీద జోకు వేసింది. కుంగుబాటులో చాలా భాగం ఆకలిదేనని అలా తేలింది.

ఓసీడీ మాత్రం ఉండిపోయింది, ఎందుకంటే అది ఆమె తొమ్మిదో ఏటి నుంచీ ఉన్నది. ఈ వరస మా పాప ఒక్కదానిదీ కాదు. వాల్టర్ కే అనే అమెరికన్ మానసిక వైద్యుడూ ఆయన సహచరులూ 2004లో ఈటింగ్ డిజార్డర్లు ఉన్న 672 మందిని పరిశీలించి రాసిన పత్రంలో, దాదాపు మూడింట రెండు వంతుల మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక ఆందోళన వ్యాధి ఉన్నట్టు తేలింది. ఓసీడీ 41 శాతం మందిలో, నలుగురిలో ఉన్నప్పుడు కలిగే భయం 20 శాతం మందిలో ఉంది. ఇంకా ముఖ్యమైనది, వారిలో ఎక్కువ మందికి ఆ భయాలు బాల్యంలోనే, తిండి జబ్బుకు ముందే మొదలయ్యాయి. ఈ మాటను తల్లిదండ్రులు రెండుసార్లు చదవాలని కోరుతున్నాను. సంచి మూడుసార్లు సర్దే ప్రతి పిల్లకూ ఈ జబ్బు వస్తుందని కాదు. తిండి మానేసిన పిల్ల వెనుక తిరిగి చూస్తే చాలాసార్లు ఒక భయపడే చిన్నపిల్ల కనబడుతుందని.

అది ఎందుకలా అంటే, కొంత జన్యువుల్లో ఉంది. 2019లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం అనొరెక్సియా ఉన్న 16,992 మంది జన్యుపదార్థాన్ని పరిశీలించి, ఎనిమిది చోట్ల సంబంధం కనుక్కుంది; ఓసీడీ, డిప్రెషన్, ఆందోళన వ్యాధులకు కారణమయ్యే జన్యు ప్రభావాలతో దీనికి పోలిక ఉందనీ, శరీరం శక్తిని ఖర్చు చేసే తీరుతో కూడా సంబంధం ఉందనీ చెప్పింది. మా అక్కకు దీన్ని వివరించడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. "అయితే నా పెంపకం తప్పు కాదా" అని అడిగింది. కాదన్నాను. తను చాలాసేపు ఏడ్చింది.

తిండికీ ఓసీడీకీ మధ్య గీత ఎక్కడ గీయాలి అన్నది వైద్యులకూ తేలిక కాదు. ఇడ్లీని ముక్కలు చేయడం ఆకలి వల్ల వచ్చింది కాబట్టి బరువుతో పాటు అది పోయింది. గడపలో పాదాన్ని తుడిచి తుడిచి వేయడం పోలేదు. దానికి చేసిన చికిత్స వేరు: భయపెట్టే పనిని కావాలని చేసి, ఆ వెంటనే చేయాలనిపించే కడగడాన్నో తుడవడాన్నో ఆపుకొని, భయం దానంతట అది దిగేదాకా కూర్చోవడం. పాపకు మొదట ఇచ్చిన పని, చేత్తో చెప్పు ముట్టుకొని పది నిమిషాలు కడుక్కోకుండా ఉండడం. నేను గడియారం పట్టుకొని పక్కన కూర్చున్నాను. ఆరో నిమిషంలో ఆమె మెడ మీద చెమట పట్టింది. ఎనిమిదో నిమిషంలో "పిన్నీ, ఇంక చాలు" అంది. నేను ఏమీ అనలేదు, అనకూడదని చెప్పారు. ధైర్యం చెప్పడం కూడా కడుక్కోవడం లాంటిదేనట, ఆ క్షణానికి ఉపశమనం ఇచ్చి భయాన్ని అలాగే ఉంచుతుంది. పది నిమిషాలు ఉంది. ఇంట్లో పెద్దవాళ్లుగా మనం ప్రేమతో చేసే చాలా పనులు, "ఏమీ కాదులే అమ్మా" అని రోజుకు ఇరవైసార్లు అనడం, ఆమె కోసం వేరే గిన్నెలు పెట్టడం, అన్నీ జబ్బుకే మేత వేశాయని తెలుసుకోవడం నాకు అన్నిటికన్నా కష్టమైంది.

తిండి మానే వ్యాధి గురించే ఇంతసేపు రాశాను, అది నేను చూసినది కాబట్టి. కాని ఎక్కువ మందికి ఉండేది మరొకటి. మా బంధువుల్లో ఒకాయన ఉన్నారు, యాభై దాటాయి, పగలు మామూలుగా తింటారు, రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి ఆపుకోలేక తిని, సిగ్గుతో కూర్చుంటారు. ఆయనను అందరూ తిండిపోతు అంటారు. షుగరుకు మందు వాడుతున్నారు, ఎన్నో ఏళ్లుగా నిద్రలేమి ఉంది, ఆయన భార్య పోయినప్పటి నుంచి ఎవరితోనూ మనసు విప్పలేదు. దీనిని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు, అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లో దీనిని విడి వ్యాధిగా గుర్తించింది. 2007లో వెలువడిన అమెరికా ఇంటింటి సర్వేలో జీవితకాలంలో ఎప్పుడైనా ఇది వచ్చినవారు స్త్రీలలో 3.5 శాతం, పురుషులలో 2 శాతం. అనొరెక్సియా కన్నా చాలా ఎక్కువ. అదే సర్వేలో, బింజ్ ఈటింగ్ ఉన్నవారిలో 78.9 శాతం మందికి, అనొరెక్సియా ఉన్నవారిలో 56.2 శాతం మందికి, తిని కక్కే వ్యాధి అయిన బులీమియా ఉన్నవారిలో 94.5 శాతం మందికి ఏదో ఒక సమయంలో కనీసం మరొక మానసిక వ్యాధి కూడా ఉంది. బులీమియాలో నూటికి తొంభై నాలుగు మంది అన్న అంకె చూశాక, తోడు లేని బులీమియాను వెతకడం కన్నా తోడుగా ఏముందో వెతకడమే సులువనిపించింది. అందులో డిప్రెషన్, ఆందోళనలతో పాటు మద్యం, ఇతర మత్తు అలవాట్లు, మనసు క్షణక్షణానికీ మారిపోయి తనను తాను గాయపరచుకునే స్వభావం కూడా కలుస్తాయి. చిన్నప్పుడు హింసకో లైంగిక వేధింపుకో గురైనవారిలో ఆ గాయపు జ్ఞాపకాలు తిండి రూపంలో బయటపడడం కద్దు. ఆ సంగతి అడిగే తీరు తెలిసినవారే అడగాలి, బంధువులు గుచ్చి గుచ్చి అడగకూడదు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) ఉన్నవారిలో ఆపుకోలేని తిండి, ఆటిజం ఉన్నవారిలో రుచి, వాసన, మెత్తదనం పట్టక కొన్నిటినే తినడం కూడా కనబడతాయి. ఆటిజం ఉన్న పిల్లకు అనొరెక్సియా వస్తే అందరికీ చేసే చికిత్స యథాతథంగా సరిపోదు.

మందుల విషయంలో ఒకటి మాత్రం తప్పక చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జబ్బుల్ని విడివిడిగా చూడడం ప్రాణం మీదికి తేగలదు. బుప్రోపియాన్ అనే మాత్రను కుంగుబాటుకూ, సిగరెట్లు మాన్పించడానికీ ఇస్తారు. బులీమియా గానీ అనొరెక్సియా గానీ ఉన్నవారికి, ఇంతకుముందు ఉన్నవారికి కూడా, దానిని ఇవ్వకూడదు. ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువ. ఒక పిల్ల తాను కక్కుకుంటున్నానని సిగ్గుతో చెప్పకుండా కుంగుబాటు అని మాత్రమే చెబితే, డాక్టరుకు తెలిసే దారి ఏది? అదేవిధంగా కక్కడం వల్ల పొటాషియం తగ్గి ఉన్నవారి గుండె లయను కొన్ని పాత డిప్రెషన్ మందులు మరింత చెడగొట్టగలవు. కాబట్టి డాక్టరు దగ్గర సిగ్గుపడి ఏదీ దాచవద్దు. దంతవైద్యులకు కూడా ఒక మనవి: పై పళ్ల లోపలి వైపు ఎనామిల్ అరిగిపోయి కనబడితే, మందలించకుండా, ఒంటరిగా ఉన్నప్పుడు మెల్లిగా అడగండి. చాలామంది ఆ రహస్యాన్ని మొదట చెప్పుకునే మనిషి మీరే కావచ్చు.

ఇక చావు మాట. పాప పదిహేడున్నరప్పుడు అన్న మాటను మేం విసుగులో అన్నదనుకున్నాం. 2011లో 36 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, అనొరెక్సియాతో చనిపోయినవారిలో ఐదుగురిలో ఒకరు ఆత్మహత్య చేసుకున్నవారే. ఆకలితోనే పోతారనుకుంటాం, కాదు. అందువల్ల ఆ మాట ఎవరి నోటి వెంట వచ్చినా, నువ్వు చచ్చిపోవాలనుకుంటున్నావా అని సూటిగా, మెత్తగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది తప్పు. 2022 అక్టోబరు నుంచి దేశమంతటా టెలీ మానస్ సేవ ఉంది, 14416కు ఫోను చేస్తే పగలైనా రాత్రైనా పలుకుతారు, డబ్బు తీసుకోరు, ఏ భాషలో మాట్లాడాలో ఎంచుకోవచ్చు. ఒడిశా నంబరు నుంచి చేస్తున్నాం కదా, తెలుగు వస్తుందా అని సందేహించే మా ఊరి తెలుగువారు తెలుగునే ఎంచుకోండి. బెంగ, దిగులు, గుండె దడ, కంగారు, ఈ నాలుగూ నాలుగు వేరు వేరు సంగతులని తెలిసిన మనిషితో మాట్లాడడంలో తేడా ఉంది.

మొదటిసారి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లేవారు ఆ గీత కాగితాన్ని ఇంట్లోనే రాసుకొని వెళ్లండి. నానమ్మను, అత్తను, పిల్లకు దగ్గరైన టీచరును అడిగి రాయండి, ఎందుకంటే తల్లి గమనించనిది వారు గమనించి ఉంటారు. పిల్ల తనకు తానుగా వేరే కాగితం రాస్తానంటే రాయనివ్వండి, చూపించమని అడగవద్దు. పాప రాసుకున్న కాగితం ఒడియాలో ఉంది. డాక్టరమ్మ మరొకరి చేత చదివించుకున్నారు. అందులో ఏముందో ఇప్పటికీ మాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

పాప ఇప్పుడు ఓసీడీకి మాత్ర వాడుతోంది, రెండు నెలలకొకసారి విశాఖ వెళ్లి వస్తుంది, ఇప్పుడు ఒంటరిగానే వెళుతుంది. వారంలో ఏ రోజూ ఉపవాసం లేదు. మా నానమ్మ స్వయంగా దేవుడి ముందు నిలబడి, ఈ పిల్ల వంతు నేను చేస్తానని మొక్కుకుంది. మిగిలి ఉన్నది పదమూడో ఏట మొదలైన భయం, నలుగురిలో కూర్చొని తినడం. జూలైలో పీజీకి హాస్టల్లో చేరాలి, అక్కడ మెస్సులో రెండు వందల మంది మధ్య తినాలి. అందుకని రోజూ సాయంత్రం నేనూ ఆమే వీధి చివర టిఫిన్ బండి దగ్గరికి వెళుతున్నాం. మొదటి వారం ఆమె వెనక్కి తిరిగి నిలబడి వడ, గుగుని (బఠాణీ కూర) తింది. ఈ వారం రోడ్డు వైపు తిరిగి తింటోంది. నిన్న బండివాడు "ఇంకోటి వేయమంటారా అమ్మా" అంటే వద్దని, కొద్దిసేపు ఆగి, అర వడ వేయమంది.